పావు చుట్టు

ఔలు ఊళ్లో జనవరి. మధ్యాహ్నం మూడింటికే
దీపాలు వేసుకునే రోజులు.
ఎనిమిదో నంబరు బస్సు డిపోలో అప్పగించి,
బూట్ల మంచు దులపకుండానే
వంటింటి బల్ల దగ్గర కూలబడతాను.
బల్ల మీద పక్క రేకు ఊడదీసిన కంప్యూటరు.
ఒక్కో ముక్కా నేనే కొన్నాను, నేనే బిగించాను.
తప్పెవరిదంటే వేలు చూపడానికి
ఇంకో మనిషి లేడు.

మెమరీ కడ్డీల డబ్బా మీద ఆరు వేలని రాసుంది.
ఆరు వేలకు పెడితే లేస్తుంది, నడుస్తుంది,
నా సరస్సు అడుగు లోతుల పటం
సగం గీసి
నీలి తెర చూపించి పడిపోతుంది.
ఐదు వేల ఆరు వందలకు దించితే
ఒక రోజు బాగుంటుంది. రెండో రోజు అదీ లేదు.
మంగళవారం ముప్పై రెండు గిగాబైట్లంటుంది,
బుధవారం పదహారే.
మిగతా పదహారూ ఎక్కడికెళ్లాయో
దాన్నే అడగాలి. అది చెప్పదు.

రాత్రంతా పరీక్ష పెట్టి పడుకుంటాను.
లేచేసరికి తెర నిండా ఎర్ర గీతలు.
బళ్లో నా లెక్కల పుస్తకం కూడా
ఇంత ఎర్రగా ఉండేది కాదు.

చేయాల్సినవన్నీ చేశాను.
కడ్డీల కొసలు తుడిచాను,
రెండో గాడిలోది నాలుగులో, నాలుగులోది రెండులో.
విడివిడిగా పెడితే రెండూ బుద్ధిమంతులే,
పక్కపక్కన కూర్చోబెడితేనే గొడవ.
నాణెమంత బ్యాటరీ పీకి
కాఫీ దిగేంతసేపు ఆగి మళ్లీ పెట్టాను.
వోల్టేజీ చిటికెడు పెంచాను, ఉప్పేసినట్టు.
మార్చినప్పుడల్లా నల్ల తెర.
కొత్త వేగం నేర్చుకుంటోందట, మూడు నిమిషాలు, నాలుగు.
ఆ నలుపులో నా మొహమే కనబడుతుంది,
పళ్ల మధ్య స్క్రూడ్రైవరుతో.

దుకాణం వాళ్లు మర్యాదగా రాశారు:
"మీ మెమరీ బాగానే ఉంది."
నా మెమరీ సంగతి నాకు తెలుసు,
ఇరవై మూడేళ్ల బస్టాపులు వరసగా అప్పజెప్పగలను.
నేనడిగింది దాని సంగతి.

శనివారం తౌనో వచ్చాడు.
పడవ మోటార్లు బాగుచేస్తాడు, కంప్యూటర్లంటే పడదు.
సౌనా వేడెక్కేలోపు ఏం తోచక
పెట్టెలోకి తొంగి చూశాడు.
ప్రాసెసరు మీద కూర్చున్న ఫ్యానునీ
దాని నాలుగు స్క్రూలనీ చూపించి
"ఎంత బిగించావు ఇర్మెలీ?" అన్నాడు.
"తిరగనంత."

అతను నవ్వలేదు. మా బెర్రీల జాడీ అతనికి తెలుసు.
నాలుగేళ్ల కిందట నేను పెట్టిన మూత,
ఇవాళ్టికీ ఎవరి చేతికీ లొంగలేదు.
తెగేదాకా లాగొద్దంటారు సరే,
వంగేదాకా బిగించొద్దని
నాకెవరూ చెప్పలేదు.

"ఇంజను మూతయినా ఇంతే," అన్నాడు,
"పైన తిరగనంటే కింద ఏదో నలుగుతున్నట్టు."

పావు చుట్టు.
ఈ మూల, దానికి ఎదురు మూల,
తర్వాత మిగిలిన రెండూ.
అంతే. తువ్వాలు భుజానేసుకుని
సౌనాకు వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ముప్పై రెండూ హాజరు.
ఆరు వేల దగ్గర నాలుగింటిదాకా శుభ్రం,
నాలుగు దాటాక ఒకే ఒక్క ఎర్ర గీత.
ఒక్కటే కదా అనుకుని పళ్లు తోముకున్నాను,
ఒక్కటే కదా అనుకుని బస్సు తీశాను.
వంతెన మీద రెండోసారి వెళుతుండగా
ఆ ఒక్కటి మళ్లీ గుర్తొచ్చింది.

సాయంత్రం ఐదు వేల ఎనిమిది వందలకు దించాను.
రెండు రాత్రులు చూశాను. సున్నా.
రెండు వందలు వదులుకున్నాను.
డబ్బు కట్టిన రెండు వందలు,
అప్పుడప్పుడూ దురద పుడుతుంది.
పక్క రేకు లోపల చీటీ అంటించాను:
"5800. స్క్రూల జోలికి పోవద్దు."
నా కోసమే.

పటం పూర్తయింది.
జులైలో నేను వెల్లకిలా తేలే చోట
అడుగు పదకొండు మీటర్లట.
ఇన్నేళ్లూ నాలుగనుకున్నాను.