స్టూలుందా అమ్మా, రీడింగు తియ్యాలి

వాంబే కాలనీలో ఇప్పుడు మీటర్లు
కంటి ఎత్తులో లేవు.
బుడమేరు వచ్చిపోయాక
ఎవరి భయం ఎంతెత్తో అంతెత్తున బిగించుకున్నారు.
తలుపు కొట్టి నేను ముందడిగేది బిల్లు సంగతి కాదు,
"అమ్మా, స్టూలుందా?"

కొందరు ప్లాస్టిక్ కుర్చీ తెస్తారు,
"ఆ కాలు మీద బరువెయ్యకు బాబూ" అంటారు.
ఒకాయన బియ్యం డ్రమ్ము బోర్లించాడు.
ఎక్కితే గోడ మీద గీత కనపడుతుంది,
రెండుసార్లు రంగేసినా
టీ మరకలా పైకి తేలే గీత.
దాని మీద జానెడు వదిలి మీటరు.
జానెడు చాలా తాతా అంటే
"మళ్ళీ అంత రాదులే" అంటాడు,
అంటూనే మీటరు వంక చూస్తాడు.

మే నెల. పదకొండింటికే
మిషను తెర మీద అంకెలు కనపడవు,
నా నీడలోనే దాన్ని దాచుకుని చూడాలి.
డిక్కీలో పెట్టిన కాగితం చుట్ట
ఎండకి దానంతటదే నల్లబడుతుంది.
"ఇదేంటయ్యా, మేం చూడకముందే మాడిపోయింది!"
రత్తమాంబగారి జోకు, ప్రతి వేసవికీ ఇదే.
ఆ ఇంట్లో ఒకటే ఏసీ,
ఆరుగురూ ఆ గదిలోనే,
గ్రూప్ టూ చదివే పిల్లాడు, అత్తగారి మందుల డబ్బా,
పాలగిన్నె కూడా.
"ఇరవయ్యారు కిందికి దించలేదు, ఒట్టు" అంటుంది,
నేనేదో పోలీసునన్నట్టు.
నాలుగొందల పన్నెండు.
కాగితం చేతికిచ్చి
చప్పున మెట్లు దిగిపోతాను.

హెల్మెట్ పెట్టుకుంటే తల ఉడుకుతుంది,
హ్యాండిల్‌కి తగిలించి తిరుగుతుంటాను.
నాలుగడుగులకో ఇల్లాయె.
ఖాసిం భాయ్ కూడా అదే అనేవాడు.

పైపుల రోడ్డు మలుపులో ఆఖరిల్లు వాళ్ళది.
నిరుడు రెండొందల ముప్ఫై వచ్చేది,
కూలరు, ఫ్రిజ్జు, రాత్రి ఆటో దిగొచ్చాక
ఒంటిగంట దాకా టీవీ.
కాలవకని తవ్విన గొయ్యి పూడ్చలేదు,
స్తంభానికి దీపం లేదు,
వానరాత్రి తమ్ముడి స్కూటర్ మీద
పాల ప్యాకెట్‌కని వెళ్ళాడు.
హెల్మెట్ అద్దానికే వేలాడుతూ ఉందట.
ఆ తర్వాతి నెల డెబ్బై ఒకటి.
తప్పు చూశానేమోనని
స్టూలు దిగి మళ్ళీ ఎక్కాను.

ఈ నెల డెబ్బై నాలుగు.
"మూడు పెరిగింది నాగూర్‌బీ."
"అవి నావి కావు" అంది.

గేటు మీద కొత్త బల్బు.
వాకిట్లోకి కాదు, రోడ్డు వైపు తిప్పి
తీగతో కట్టింది,
గొయ్యి మీద అడ్డమేసిన రేకు కనపడేట్టు.
మగ్రిబ్‌కి వేస్తే ఫజర్‌కి ఆపుతుంది.
నాలుగు అర్జీలు పెట్టిందట,
నకళ్ళు తెచ్చి చూపించింది,
వరదలో పాడైన ఫ్రిజ్జులోంచి.
అది ఇప్పుడు బీరువా.
పై అరలో కాగితాలు, కింద అరలో ఉల్లిపాయలు.

"ఆ బల్బుకొక్కదానికే ఎంతవుతుందో
లెక్కగట్టి చెప్పు."
తొమ్మిది వాట్లు. పన్నెండు గంటలు. ముప్ఫై రోజులు.
బిల్లు వెనక రాసి చూపించాను,
మూడు యూనిట్లు, పైన చిల్లర.
"అంతేనా?"
"అంతే."
కాగితం తిప్పి నా లెక్క మళ్ళీ చూసింది,
పెదాలు కదుపుతూ, గుణింతం చేస్తూ.
"అంతేనా" అంది,
ఈసారి నన్ను కాదు.

మజ్జిగ ఇచ్చింది. ఉప్పెక్కువైంది. తాగేశాను.
స్టూలు లోపల పెట్టి తలుపు దగ్గరికేసింది.
బండి మీద హెల్మెట్
ముట్టుకుంటే చురుక్కుమంది.
పెట్టుకున్నాను.
పక్క వీధి ఎంతో దూరం లేదు,
ఇంకా నలభై ఇళ్ళున్నాయి.