పన్నెండు చుక్కలు

సౌత్ షీల్డ్స్‌లో, టైన్ నది సముద్రంలో కలిసేచోట,
నావికుల బడిలో
హెపుల్ మేడమ్ మాకు మొట్టమొదట నేర్పింది
తెరని నమ్మకపోవడం.

"మన పొగగొట్టమే మనకి అబద్ధం చెబుతుంది" అనేది
సుద్దముక్కని చెవి వెనక పెన్సిల్లా దోపుకుని.
వెనకున్న ఓడని ముందున్నట్టు చూపిస్తుంది.
పక్కనుంచి పోయే పెద్ద ఓడ
ఒకటికి మూడై, సమానమైన ఎడంతో వరస కడుతుంది
పెళ్లి ఫొటోకి నిలబడ్డ తోడికోడళ్లలా.
ఏటి మీది కరెంటు తీగ ఒక్క చుక్కై కనిపిస్తుంది,
నువ్వెటు తిరిగితే అటే తిరిగి
నీ మీదికే వస్తుంది.
దానికి దారిస్తూ దారిస్తూ
ఇసకమేట ఎక్కినవాళ్లున్నారు.

తాడుని చూసి పామనుకోవడం
మా భీమిలిలో పాత మాటే అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
"పాముని తాడనుకున్నవాళ్ల మాట
చెప్పడానికి ఎవరూ మిగల్లేదమ్మాయ్."

ఆరేళ్ల తర్వాత, నవంబరు, రాత్రి రెండూ ముప్ఫై ఎనిమిది.
కోకెట్ దీవికి తూర్పున తొమ్మిది మైళ్లు.
కంకర మోసే చిన్న ఓడ, కాపలా నాది.
వాన. తెరంతా ఆవాలు చల్లినట్టు.

ఆవాల్ని ఊడ్చే మీట ఒకటుంటుంది.
తిప్పితే వాన పోతుంది, అల పోతుంది,
అలికిన గచ్చులా నున్నగా, నిద్రొచ్చేంత నల్లగా మిగులుతుంది.
తిప్పాను.
తర్వాత ఎందుకో, టీ చల్లారిపోయి
చేతికి ఇంకేం పనిలేకనేమో,
వెనక్కి తిప్పాను.

ఆవాల మధ్య ఒక గీత.
గీత కాదు, చుక్కలు.
లెక్కపెట్టాను. పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను.

"పక్క ఓడ రాడార్ తగులుతోందిలే" అన్నాడు రొమేల్.
పక్క ఓడ చుక్కలు సుడి తిరుగుతాయి.
ఇవి పట్టిన పట్టున ఉన్నాయి.
కెప్టెన్ ఫెన్విక్‌ని లేపాను,
పైజమా మీద కోటేసుకుని వచ్చాడు.

ఆ పరికరం తనంతట తాను కేక వెయ్యదు.
చీకట్లో నోరు మూసుకుని ఊగుతూ ఉంటుంది.
వెతికేవాళ్ల చూపు వచ్చి తాకితేనే
పన్నెండుసార్లు పలుకుతుంది.
మొదటి చుక్క దగ్గర మనుషులు.
మిగతా పదకొండూ దాని వెనక సాగిన నీడ.

దగ్గరయ్యేకొద్దీ చుక్కలు వంగాయి,
నెలవంకలయ్యాయి,
ఆపైన వలయాలు, ఒకదాని లోపల ఒకటి,
నడుమ మేము.
ఇప్పుడు అన్ని దిక్కులూ అదే దిక్కు.
ఇంతదూరం తెచ్చిన తెరకి
ఇక్కణ్ణించి ఏమీ తెలీదు.

ఫెన్విక్ ఇంజను ఆపించి తలుపు తెరిచాడు.
వాన లోపలికొచ్చింది, పటం తడిసింది.
బయట నిలబడి చెవులు రిక్కించాం.
చాలాసేపు మా ఓడ మూలుగే.
ముందు రొమేలే చెయ్యెత్తాడు, ఎడమకి:
ఈల.
ఊపిరి చాలక సగంలో తెగుతున్న ప్లాస్టిక్ ఈల.

తెప్పలో ఇద్దరు, బ్లైత్‌లో పీతలు పట్టేవాళ్లు.
చిన్నవాడు సూపు కప్పుని రెండు చేతులా పట్టుకుని
"ఎలా కనబడ్డాం?" అని అడిగాడు.
టీ సంగతి నేను చెప్పలేదు.

లాగ్‌బుక్‌లో రాశాను:
రెండూ నలభై మూడు, సంకేతం కనబడింది.
దానికి ముందు తెర శుభ్రంగా ఉన్న ఐదు నిమిషాలకి
ఆ పుస్తకంలో గడి లేదు.

ఇప్పుడు నా కాపలాలో వాన ఎంత కురిసినా
ఆ మీటని చివరిదాకా తిప్పనివ్వను.
ఆవాల్ని చూసి చూసి కళ్లు మండి
రొమేల్ తగలోగ్‌లో ఏదో గొణుగుతాడు.
తిట్టుకోనీ.