వాలిన రెక్క వైపు

కెమి రేవులో ముప్ఫై ఒక్క ఏళ్ళు
క్రేను గదిలో మీటలు పట్టిన చేతులివి.
కాగితపు గుజ్జు మూటల్ని ఓడ కడుపులోకి
గుడ్లు దింపినట్టు దింపాను.
ఇప్పుడు వీటికి
కాఫీ గ్లాసు తప్ప బరువు లేదు.

ఓస్మో దుకాణంలో దూలానికి
ఎర్ర యుద్ధవిమానం దారంతో వేలాడుతోంది.
పొట్ట కింద రెక్కలు, ముక్కు మీద పొగరు.
"అది కావాలి" అన్నాను.
వద్దనలేదు. వయసు అడగలేదు.
"తలచుకున్న చోటికి పోతుందండీ,
మీరు తలచుకునే లోపే."

వంగి కింది అరలోంచి తీశాడు
తెల్ల థర్మోకోల్ బొమ్మ ఒకటి.
తల మీద పీట పెట్టుకున్నట్టు పైన రెక్క,
కొసలు కొంచెం లేచి
నాకేం తెలీదంటూ భుజాలెగరేసిన మనిషిలా.
పంకా వెనక్కి ఉంది,
ముక్కు నేలకి కొట్టుకున్నా విరగదట.
"ఇది పడుతుంది.
పడ్డాక జిగురుకి లొంగుతుంది.
మొదటిది అలాంటిదే ఉండాలి."

మనసు చివుక్కుమంది.
ఇరవై టన్నులెత్తినదాన్ని,
నాకు ఏడు వందల గ్రాముల పాఠమా?
అయినా కొన్నాను.
బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే
పక్క సీటు పిల్లాడు రెక్క మీద వేసిన చెయ్యి
దిగేదాకా తియ్యలేదు.
"మొక్కై వంగనిది..." అని ఫోనులో మొదలెట్టింది చెల్లెలు ఐరి.
సామెత పూర్తవకుండానే పెట్టేశాను.

మార్చి. సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
చెట్టు లేదు, తీగ లేదు,
మంచుకి బెజ్జం పెట్టి చేపకోసం కూర్చున్న
ఒక్క ముసలాడు తప్ప మనిషి లేడు.

పోయేటప్పుడు మాట విన్నది.
ఎడమంటే ఎడమ, కుడంటే కుడి.
తిరిగి నా వైపు వస్తుంటే
నేను ఎడమన్నాను,
అది తన ఎడమకి పోయింది.
క్రేను ఎప్పుడూ నాకు ఎదురు రాలేదు.
దాని కడుపులోనే ఉండేదాన్ని,
దాని కుడే నా కుడి.
ఎదురొచ్చేవాళ్ళ కుడి వేరని
అరవై తొమ్మిదో ఏట
మంచులో ముక్కు గుచ్చుకున్నాక తెలిసింది.
విమానం ముక్కేలెండి.

వంటింటి బల్ల మీద జిగురు, టేపు, రెండు రాత్రులు.
ఓస్మోకి ఫోన్ చేస్తే అన్నాడు:
"ఎదురొస్తున్నప్పుడు లెక్కలేసుకోవద్దు.
ఏ రెక్క వాలితే ఆ వైపే పుల్ల జరపండి,
కింద చెయ్యి పెట్టి ఆపినట్టు."

శనివారం. వాలిన రెక్క వైపు వేలు జరిపాను.
లేచింది.
మళ్ళీ వాలింది. మళ్ళీ జరిపాను.
చలికి బొటనవేళ్ళు నావి కాకుండా పోయాక
భయపడి రెండు పుల్లలూ వదిలేశాను.
ఒకసారి ఊగింది,
తనంతట తనే సర్దుకుంది.
చేపల ముసలాడు బకెట్ మీంచి లేచాడు.
టోపీ తియ్యలేదు గాని, చూశాడు.

ఎర్రది ఇంకా వేలాడుతూనే ఉంది.
నిన్న జిగురు కోసం వెళ్ళి
దారం గట్టిదేనా అని అడిగాను.
"వచ్చే చలికాలం దాకా ఆగుతుంది"
అన్నాడు ఓస్మో, చిల్లర లెక్కపెడుతూ.