కడ్త

గంజిల ముప్పైయొక్క ఏండ్లు దడ్వాయిని.
బాదేపల్లి యార్డుల నా చేతి కింద తూగని పల్లికాయ లేదు.
ఇప్పుడు నేనే సంచి.

"గుండె జర నెమ్మదైంది" అన్నది డాక్టరమ్మ,
"నీళ్లు ఒంట్లనే నిలుస్తున్నయి.
రోజూ తూగు. మూడొద్దులల్ల రెండు కిలోలు లేస్తే
అది తిండి గాదు పెద్దాయనా, నీరు.
రేపు మాపు అనకుంట రా."

పాలమూరు గడియారం కాడ, షాపుల
మొయిజ్ భాయి వరుసగ పరిచిండు:
ముల్లు తిరిగేది, అద్దం పలక, గులాబి రంగుది,
ఫోనుతోని మాట్లాడేది ఇంకొకటి.
నేను గోనెసంచిల నుంచి ఇరవై కిలోల ముద్రగుండు తీసిన
(ఆటోల పక్కన కూసోబెట్టి తెచ్చిన,
దానికి గూడ కిరాయి అడిగిండు వాడు).
ముల్లుది పందొమ్మిదిన్నర అన్నది.
గులాబిది ఒకసారి ఇరవై, ఒకసారి మీద మూడొందలు.
మాట మీద నిలవనిది నాకొద్దు,
మనిషి గానీ, కాంటా గానీ.
అద్దం పలక మీద ఎత్తి దించి, ఎత్తి దించి,
నాలుగుసార్లు. నాలుగుసార్లూ ఇరవయ్యే.
"కాంటాను తూచి కొన్నోడిని నిన్నే సూసిన చాచా"
అన్నడు భాయి, ఇరవై రూపాయలు తగ్గించి.

ఇంటికొచ్చినంక ఇంకో పంచాయితి.
షాబాదు బండల నేల, ఒక్కో బండది ఒక్కో సాక్ష్యం.
వంటింటి దిక్కు అరవై ఎనిమిది,
దేవుని అర్ర ముంగట అరవై ఏడుంబావు,
దేవుని కాడ గూడ తక్కువేనా అని నవ్వింది అండాలు.
బాత్రూం తలుపు కాడ కదలని బండ ఒకటి దొరికింది.
దాని మీద పలక పెట్టి, సుట్టు సుద్దతోని గీత గీసింది.
"ఇగ ఇదే నీ యార్డు."

పొద్దుగాల లేసి, ఒంటికి పోయొచ్చి, చాయ తాగకముందు,
లుంగీ మీద, ఉత్త కాళ్లతోని.
మిగిలిన పాత తక్‌పట్టీ బుక్కు దులిపిన.
రైతు పేరు: కుర్మయ్య.
సంచులు: ఒకటి.
మొత్తం తూకం.
కడ్త గడి కాడ పెన్ను ఆగింది.

ఒట్టి గోనె సంచి కిలో గూడ తూగదు.
మేం తీసింది రెండు.
తేమకింత, మట్టికింత, రివాజని ఇంత.
గంగాపురం లాలమ్మ పన్నెండు సంచులు తెచ్చిన నాడు
ముల్లు మీదికెల్లి చూపు తియ్యలే.
"ఒట్టి సంచి ఒక్కటి తూచి సూపియ్యరాదయ్యా" అన్నది.
నేను పక్క కుప్ప కాడికి నడిసిన.
ఆమె చెవుల కమ్మలు లేవు ఆ యేడు.
అది ఎట్ల యాదికున్నదో నాకు.

సోమారం అరవై ఎనిమిది.
మంగళారం మీద ఆరొందలు.
బుధారం అరవై తొమ్మిదిన్నర.
బేస్తారం కాలి మీద వేలు ఒత్తితే
పడ్డ గుంట పడ్డట్టే ఉన్నది.
దవాఖాన మంచం, సూది, ఆ ఫినాయిలు వాసన...
తలుపు చెక్క మీద చెయ్యేసిన, ఊరికే, ఆసరకన్నట్టు.
అంకె దిగింది. అరవై ఎనిమిది మీద నాలుగొందలు.
ఎంత సక్కగ వచ్చు ఈ పని నా చేతికి!

"చెయ్యి తియ్యి" అన్నది అండాలు,
ఎనకనే నిలబడ్డదని నాకు తెల్వదు.

తీసిన.
పెన్ను గూడ ఆమెకే ఇచ్చిన.
తూగెటోడు రాసుకోవద్దు, అది గంజి కాయిదా.
బడికి నాలుగేండ్లే పోయింది, అంకెలు పెద్దగ రాస్తది.
డెబ్బై. చుక్క. రెండు.
"ఈ గడిల?" అని కడ్త మీద వేలు పెట్టింది.

ఏం రాయకు.
సున్నా గూడ వద్దు.
చెప్పులేసుకో, పాలమూరు బస్సు ఎనిమిదింటికే.