మెడ కొలత

కాశీనగరం బస్టాండు వెనక
మాది రెండు మిషన్ల కొట్టు.
పొద్దున్నే నా వేళ్లు విచ్చుకోవు.
వేడినీళ్ల చెంబు రెండు చేతులా పట్టుకుని కూర్చుంటాను.
మొదటి జాకెట్టు తొమ్మిదింటికి గానీ మొదలవదు.

నా పేరు సూరీడమ్మ.
పుట్టి మూడ్రోజులైనా గుంట కళ్లిప్పలేదని
అరసవిల్లి దేవుడికి మొక్కి మా అమ్మమ్మ పెట్టిన పేరు.
ఆ దేవుడి ఎండే ఇప్పుడు నాకు పడదు.
వంశధార గట్టు మీద గంట నడిచానంటే
ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి, ముక్కు మీదుగా,
ఎర్రగుడ్డ కత్తిరించి అతికించినట్టు.
పాత మొక్కు తీర్చడానికి గొడుగేసుకునే వెళ్లాను.
పూజారి నవ్వలేదు.
వెనకనున్నావిడ నవ్వింది.

బరంపురం పెద్దాసుపత్రిలో దానికి పేరు చెప్పారు, లూపస్ అని.
ఒంటికి కాపలా ఉండాల్సిందే
ఒంటి మీద పడిందన్నాడు డాక్టరు.
"ఒడిలో పెట్టుకుని గుడ్డ కత్తిరిస్తాం కదా బాబూ,
ఒక్కోసారి కింద మన చీరే తెగిపోద్ది. అలాగా?"
ఆయన కాసేపు ఆలోచించి, అలాగే అన్నాడు.

మందుల షాపులో పాణిగ్రాహి చీటీ చూసి
"మలేరియా మళ్లీ వచ్చిందా?" అన్నాడు.
మా వైపు ఆ బిళ్ల తెలియని ఇల్లు లేదు.
"దోమ కుట్టలేదయ్యా,
నన్ను నేనే కుట్టుకుంటన్నాను."

తర్వాత రెండేళ్లు.
దువ్వెన నిండా జుట్టు. "అదే, ఆ జబ్బే."
రోహిణి ఎండల్లో కాళ్లు చల్లగా ఉండి దుప్పటి కప్పుకుంటే
"ఆ జబ్బే."
మిషను మీద తల వాల్చి నిద్రపోయాను,
ముప్పై ఆరుకి ముప్పై నాలుగు కత్తిరించి
పట్నాయక్ గారింట్లో మాట పడ్డాను,
గొంతు బొంగురుపోయి ఫోనులో మా ఆయనే నన్ను పోల్చలేదు.
అన్నీ ఆ జబ్బే.
ఊళ్లో ఒక దొంగ పేరు తెలిశాక
పోయిన కోళ్లన్నీ వాడి ఖాతాలోకే.
నేనూ అలాగే రాసుకున్నాను.

ఆ ఏడు నా పైమెడ జాకెట్టుకి హుక్కు అందలేదు.
గుడ్డ ముడుచుకుందేమో అనుకున్నాను.
అయినా చేతి అలవాటు, టేపు చుట్టి చూసి
బేరగాళ్ల కొలతల పుస్తకంలో, నా పేజీలో వేశాను.
పదమూడు. దసరాకి పదమూడుంపావు.
రథయాత్ర నాటికి పదమూడుంముప్పావు.
రోజంతా ఆ టేపు నా మెడలోనే వేలాడుతుంది.
అదేం చెబుతోందో నేను వినలేదు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, చిన్నపిల్ల, కోరాపుట్టు మనిషి,
నా లావుపాటి ఫైలు తెరవలేదు.
గ్లాసు చేతికిచ్చి
"ఢోకే పాణి పిఅ, మావుసీ" అంది.
మింగాను.
ఆమె చూపు నా గొంతు మీదే ఉంది,
ఏదో పైకెక్కి దిగినట్టుంది.
నా వెనక్కి వచ్చి, నేను మెడ కొలత తీసేటప్పటిలాగే,
రెండు చేతుల వేళ్లూ ముందుకి పెట్టింది.
"ఎన్నాళ్ల నుంచి?"
సంచీలోంచి కొలతల పుస్తకం తీసి ఇచ్చాను.
తారీఖులన్నీ ఉన్నాయి.
ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది.

రక్తం ఇచ్చి, వారానికి మళ్లీ వెళితే
"థైరాయిడ్. ఇది వేరే" అని ఆగి,
"మరీ వేరే కాదు" అంది సగం ఒడియాలో.
ఒకటున్న చోట రెండోది రావడం ఎక్కువేనట,
ముందే చూసి ఉండాల్సిందట.
అంటే చీర తెగిన కత్తెరే రవికనీ తెంపింది.

ఇప్పుడు తెల్లారి పరగడుపున ఒక బిళ్ల,
అరగంట దాకా టీ లేదు.
తిన్నాక మలేరియా బిళ్ల.
నీరసం సగం పోయింది.
పోయిన సగం దేనిదో
మిగిలింది దేనిదో
ఆ లెక్క డాక్టరమ్మకీ పూర్తిగా తెగలేదు.
జుట్టు కొంచెం వస్తోంది, నెరిసి.

నిన్న రాత్రి పాతపట్నంలో మా చెల్లి గున్నమ్మకి ఫోను చేశాను.
ఈ మధ్య ఎప్పుడు పలకరించినా నిద్ర మొహంతోనే పలుకుతోంది.
"నీ మెడ కొలతెంత?"
"ఏటే, జాకెట్టు కుడతావా ఏటి?"
"టేపు తెచ్చుకో. నేను లైన్లోనే ఉంటాను."