మాయ బరువు

నెయాఫు రేవులో బుధవారం ఓడ దిగుతుంది.
గడ్డకట్టిన గొర్రె పక్కటెముకల పెట్టెలు
లెక్కపెట్టడం సెమిసీ పని.
కొవ్వే ఎక్కువ, మాంసం పేరుకి.
దక్షిణాన ఒక దేశం తాను తినక పంపినవి.
అతను సంతకం పెడితే లోపలికి,
పెట్టకపోతే ఎండలో కరుగుతూ అక్కడే.

ఇంట్లో లోసేలికి ఇరవై ఎనిమిదో వారం.
ఆమె కడుపులోనూ ఒక రేవు ఉంది.
తెలుగులో మేం దాన్ని మాయ అంటాం.
కళ్ళకు గంతలు కట్టేదాన్నీ మాయే అంటాం,
రెంటికీ ఒకే మాట ఎందుకైందో
మా ఇంట్లో పురుళ్ళు పోసినవాళ్ళెవరూ చెప్పలేదు.
వాళ్ళ భాషలో అది ఫొనువా.
నేలనీ, నేల మీది జనాన్నీ, ఈ నెత్తుటి ముద్దనీ
ఒక్క పేరుతోనే పిలుస్తారు.

ఆ రేవు కాపరి నిద్రపోదు.
చక్కెర వస్తే ఏమీ అడగదు, తలుపు తీస్తుంది.
ఇన్సులిన్ ఓడ బయటే లంగరు వేసుకుని
తల్లి ఒడ్డున చేయాల్సింది చేసి పోతుంది.
మెట్‌ఫార్మిన్ అలా కాదు.
భోజనం మధ్యలో మింగే తెల్ల మాత్ర,
కాపరి భుజం మీద చెయ్యేసి
చుట్టంలా లోపలికి నడుస్తుంది,
బిడ్డ నెత్తుటిలో కూర్చుంటుంది.
కూర్చుని ఏం చేస్తుంది?

అకేసా మంత్రసాని. అబద్ధం చేతకాదు.
"మంచే చేస్తుందనుకుంటున్నారు.
బిడ్డ మరీ బరువెక్కకుండా చూస్తుందట.
మరీ తగ్గిస్తుందేమోనని కొందరి భయం.
ఇంకా చూస్తున్నారు."
ఎవరు?
"చూసేవాళ్ళు."

ఆదివారం. చర్చి నుంచి రాగానే ఉము తవ్వారు.
కాలిన అరటాకు వాసన,
చేమాకులో చుట్టిన గొర్రె కొవ్వు, కారుతున్న కొబ్బరిపాలు.
అత్త సిసీలియా మొదటి పొట్లం కోడలి ముందే పెట్టింది.
వద్దంటే పొట్లాన్ని కాదు, ఆవిణ్ణే వద్దన్నట్టు.
లోసేలి ఆకు తింది, కొవ్వు అంచుకు నెట్టింది.
పెండలం పిడికిలంత, అకేసా చెప్పిన కొలత.
ఎవరి పిడికిలి, అని రగ్బీ ఆడే మరిది
తనది చూపించాడు. అందరూ నవ్వారు.
రాత్రి వంటింట్లో, దీపం వేయకుండా, నిలబడే,
ఆ అంచున ఉన్నదంతా ఆమె తినేసింది.
అకేసాకు చెప్పలేదు.
నాకూ చెప్పలేదు, నేనే ఊహించాను.
నేనైతే అదే చేసేదాన్ని.

లోపల ఆ కొవ్వు ఏ గోడకు అంటుకుందో,
వేళ్ళలా అల్లుకున్న సన్నని నాళాల్లో
ఏ పాయ పూడిందో,
పొద్దుటి మాత్ర వెళ్ళి ఏ పాయ తీసిందో
చూసినవాళ్ళు లేరు.
వేలి కొస మీది చుక్క మాత్రం పూటకో అంకె చెప్పింది.
ఐదు పాయింట్ ఒకటి. ఏడు పాయింట్ తొమ్మిది. ఆరు.

ముప్ఫై ఎనిమిదో వారం, వాన, కొడుకు.
నాలుగు కిలోలకు కాస్త తక్కువ.
మడమ గుచ్చి చూశారు, చక్కెర పడిపోలేదు.
అందరూ బిడ్డవైపు తిరిగాక మాయ పడింది.
అకేసా తక్కెడలో పెట్టింది.
ఏడు వందల తొంభై గ్రాములు.
తిరగేసి, వేలితో తడిమింది.
ఒక అంచున పాలిపోయిన మచ్చ, చిన్న నాణెమంత.
"ఇవి నా ఆదివారాలా?" అంది లోసేలి.
అకేసా చేతులు కడుక్కుంటోంది.
ఆ మచ్చ దేనిదో మచ్చకే తెలియాలి.

బొటనవేలంత ముక్క కోసి సీసాలో వేశారు.
దానికి ఆమె ముందే ఒప్పుకుంది.
చూసేవాళ్ళకట, దక్షిణాన,
గొర్రెలు వచ్చే దేశంలోనే.
మిగిలినదాన్ని నారబట్టలో చుట్టి
పెండలం తోట మూల సెమిసీ పాతిపెట్టాడు.
గొయ్యి కావలసినదానికన్నా లోతుగా తవ్వాడు.

బుధవారం ఓడ వచ్చింది. పెట్టెలు దిగాయి.
తిరిగి వెళ్ళే మంచుపెట్టె ఒకటి
లెక్కల పుస్తకంలో ఎక్కించాలి. ఏమని?
మాంసం కాదు. మందూ కాదు.
వెనక లారీ హారన్ కొడుతున్నా
సెమిసీ కలం పట్టుకుని నిలబడ్డాడు.
తర్వాత రాశాడు: ఫొనువా, కొంచెం.
బరువు అన్న గడి ఖాళీగా వదిలేశాడు.