గిర్ని మీది గది

అచ్చంపేటల మా ఆఫీసు లేదు.
మా ఆఫీసు ఎక్కడా లేదు.
లెటర్ పేపర్ మీద ఒక పోస్టు బాక్సు నంబరు,
ఐదూర్లల్ల ఐదుగురం,
భుజాల దాకనే ఎరుక ఒకరికొకరం.
వనపర్తి సుభాషిణక్క కుంటుతదని
మూడేండ్లకు తెల్సింది నాకు,
ఒకనాడు నీళ్లు తాగొస్తనని లేస్తే.

నా గది కింద పిండి గిర్ని.
మీటింగుల నేను నోరు తెరిస్తే
జొన్నలు ముందు మాట్లాడ్తయి.
"నిరంజనీ, మ్యూట్ల పెట్టుకో తల్లీ" అంటడు సారు.
సిగ్నల్ పోతే డాబా ఎక్కి
ఎండబోసిన మిరపకాయల నడుమ నిలవడ్త,
తుమ్ముకుంట జవాబు జెప్త.
పొద్దుమీకేసరికి కీబోర్డు మీద తెల్లగ దుమ్ము.
అక్షరాలను కొంగుతోని తుడిచి
రేపటి లిస్టు తెరుస్త.
"ఇంట్ల కూసుండి ఏం కొలువే" అంటది మా అత్త,
జీతమొచ్చిన నెల గట్టిగ,
రాని నెల మెల్లగ.

దినాం పన్నెండు ఫోన్లు,
కంట్ల పొర తీయించుకున్నోళ్లకు.
అడిగేటివి మూడే:
చుక్కలు ఏసుకుంటున్నరా,
కన్ను నలుపుతలేరు గదా,
కనవడ్తుందా.
అవును, కాదు. రెండే గడులు.

ఉప్పునుంతల ఉసేనమ్మ అంటది:
"కనవడ్తుంది బిడ్డా, కనవడకుంటేనే మంచిగుండె.
ఈ గిన్నెలల్లనా ఇన్నొద్దులు తిన్నది?
మా కోడలి నెత్తి గూడ నెరిసింది,
ఎప్పుడు నెరిసిందో ఒక్కలు జెప్పలే."
అవును అని కొట్టిన.
తతిమ్మాది గమనికల గడిల ఎక్కించిన.
పైసలిచ్చేటోళ్లకు పంపే కాయితంల
ఆ గడి ఉండదు.

ఆ తర్వాత పర్వతాలుకు చేసిన.
పేరు గడిల ఊరు రాసినవని
సారు ఒకసారి దిద్దబోయిండు గని
మా దిక్కు పర్వతాలంటే మనిషే,
శ్రీశైలం మొక్కుతోని పుట్టినోడు.
బల్మూరుల మేదరి.
పోయినసారి మాట్లాడినప్పుడు
చుక్కలు మండుతున్నయని తిట్టిండు నన్ను,
నేనే పోసినట్టు.

ఈసారి అతని భార్య ఎత్తింది.
"పోయిండమ్మా. ఐతారం.
కన్ను మంచిగనే ఉండె. గుండె."
కింద గిర్ని నడుస్తుండె.
"పదకొండు దినాలు సూసిండు.
మూడు చేటలల్లిండు, నాలుగోది సగం.
ఆ అద్దాలు ఎవలకన్న పనికొస్తయా బిడ్డా?"

సారునడిగిన.
వాపసు తీసుకునే పద్ధతి మనకు లేదన్నడు.
అని, కొంచెంసేపు ఊకున్నడు.
"నువ్వే ఏమన్న చూడు" అన్నడు.

శనివారం బస్సు కండక్టరు గిర్నిల ఇచ్చిపోయిండు,
కారప్పొడి కవర్ల చుట్టిన డబ్బ.
నాలుగేండ్ల కొలువుల
నా చేతికొచ్చిన మొదటి వస్తువు.
తతిమ్మదంత గొంతులే.
పెట్టుకొని చూసిన.
ఎదురుంగ గోడ కరిగిపోయింది,
నా గోళ్ల సందుల పిండి మాత్రం
పలుకు పలుకూ కనవడ్డది.

ఉసేనమ్మకు ఈ నంబరు సరిపోతదేమో, అడగాలె.
సరిపోతే ఇంకేం కనవడ్తదో ఆమెకు,
ఎవల మీద మండుతదో.

స్టాకు రిజిస్టరుల కొత్త వరుస తీసిన.
కండ్లద్దాలు, ఒకటి. వచ్చింది బల్మూరు నుంచి.
స్థితి అన్న కాడ ఆగిన.
కుడి పుల్ల విరిగితే
వెదురు పేడు ఆనిచ్చి కట్టుకున్నడు,
నల్ల దారం, ఆరు చుట్లు, ముడి కనవడకుండ.
కరెంటు పోయింది. గిర్ని ఆగింది.
ల్యాప్‌టాపుల ఇంకా తొమ్మిది శాతం ఉండంగనే
"బాగున్నయి" అని రాసిన.